ఫైర్ సైన్స్, ఫైర్ సేఫ్టీలో పీహెచ్‌డీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజినీరింగ్ చివరి ఏడాది పిల్లలు, ఎంటెక్ చేస్తున్నవాళ్లు, ఉద్యోగంలో ఉన్న ఒకరిద్దరు ఫైర్ ఆఫీసర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి. నేను సివిల్ చదివి, మంటల్లో కాంక్రీటు ఎందుకు పెచ్చులు పెచ్చులుగా పేలుతుందన్న ప్రశ్న పట్టుకుని ఈ రంగంలోకి వచ్చాను. అందుకే కొన్నిచోట్ల భవనాల మాట ఎక్కువగా వినిపిస్తుంది.

ఫైర్ సైన్స్ అంటే అసలు ఏం చదువుతారు?

నిప్పు ఎలా అంటుకుంటుంది, ఒక వస్తువు నుంచి పక్క వస్తువుకి ఎలా పాకుతుంది, ఎంత వేడి, ఎంత పొగ ఇస్తుంది, ఆ వేడికి దూలాలు, స్తంభాలు ఏమవుతాయి, లోపలున్న మనుషులు ఎప్పుడు కదులుతారు, ఏ దారిన బయటపడతారు. ఇవన్నీ ఇందులోవే. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, నిర్మాణశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కలిసే చోటు ఇది.

ఒక ఉదాహరణ చూడండి. గదిలో సోఫా అంటుకుంది. మొదట్లో మంట సోఫాకే పరిమితం. వేడి పొగ పైకి లేచి కప్పు కింద పొరలా పేరుకుంటుంది. ఆ పొర సుమారు 600 డిగ్రీలకు చేరేసరికి పైనుంచి దిగే సెగకే కింద ఉన్న పరుపు, కుర్చీ, తివాచీ అన్నీ దాదాపు ఒకేసారి భగ్గుమంటాయి. దీన్ని ఫ్లాష్ఓవర్ అంటారు. అది జరిగాక ఆ గదిలో ఎవరూ బతకలేరు. ఫ్లాష్ఓవర్‌కి ముందు మనకు ఎన్ని నిమిషాలు దొరుకుతాయి అన్నది ఈ శాస్త్రంలో ప్రాణాలకు నేరుగా సంబంధించిన ప్రశ్న.

ప్రమాదాలన్నీ షార్ట్ సర్క్యూట్ వల్లే కదా? అందులో పీహెచ్‌డీ చేయడానికి ఏముంది?

నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇదే, ఎందుకంటే మన దగ్గర చాలా ప్రమాదాల కథ ఆ ఒక్క మాటతో ముగిసిపోతుంది. నిప్పురవ్వ ఎక్కడ పుట్టిందో షార్ట్ సర్క్యూట్ అన్న మాట చెబుతుందేమో కానీ, మనుషులు ఎందుకు చనిపోయారో చెప్పదు.

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన హోటల్ ఉన్న భవనంలో మంటలు లేచాయి. 8 మంది చనిపోయారు. పొగ మెట్ల మీదుగా పైకి ఎగబాకింది, మనుషులు దిగాల్సిన దారీ అదే. మరుసటి ఏడాది మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురూ ఉద్యోగం కోసం నగరానికి వచ్చిన యువతీయువకులు. వాళ్లను బలిగొన్నదీ పొగే. 2025 మే 18న హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన ఇళ్లు ఉన్న పాత భవనంలో 17 మంది పోయారు. అందులో 8 మంది పిల్లలు. అక్కడా బయటికి రావడానికి ఇరుకు దారే దిక్కయింది.

ఈ మూడింటిలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. పొగ ఎంత వేగంగా మెట్ల దారిని నింపింది? ఒక తలుపు మూసి ఉంటే ఎన్ని నిమిషాలు కలిసొచ్చేవి? బ్యాటరీల పొగ, చెక్క పొగ ఒకేలా చంపుతాయా? వీటికి కొలిచి, లెక్కగట్టి, ప్రయోగం చేసి జవాబు చెప్పగల మనుషులు మనకు చాలా తక్కువ మంది ఉన్నారు. పీహెచ్‌డీ అంటే ఆ పని నేర్చుకోవడం.

లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన నివాస భవనం 2017 జూన్ 14న కాలిపోయి 72 మంది చనిపోయారు. మంట మొదలైంది నాలుగో అంతస్తులో ఒక వంటింటి ఫ్రిజ్ దగ్గర. అక్కడితో ఆగి ఉంటే ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. గోడకు బయట బిగించిన, లోపల పాలిథిలిన్ ఉన్న అల్యూమినియం పలకలు మంటను పైకి మోసుకెళ్లాయి. విచారణ తుది నివేదిక వచ్చింది 2024 సెప్టెంబర్‌లో. ఏడేళ్లు పట్టింది. ఆ విచారణలో సాంకేతిక సాక్ష్యం ఇచ్చినవారిలో ఫైర్ సైన్స్ ప్రొఫెసర్లు ఉన్నారు. వాళ్లు ఫ్రిజ్ దగ్గర ఆగిపోలేదు.

ఏ బ్రాంచ్ వాళ్లు చేయొచ్చు?

సివిల్ వాళ్లు నిర్మాణాల వైపు, మెకానికల్, ఏరోస్పేస్ వాళ్లు దహనం, పొగ కదలికల వైపు, కెమికల్ వాళ్లు పేలుళ్లు, ద్రావకాలు, మంటను అణిచే పదార్థాల వైపు వెళ్తారు. ఎలక్ట్రికల్ వాళ్లకు లిథియం బ్యాటరీలు ఉన్నాయి. ఆర్కిటెక్చర్, సైకాలజీ చదివినవాళ్లు జనం ఎలా బయటపడతారన్న దాని మీద పని చేస్తారు. జియోగ్రఫీ, ఫారెస్ట్రీ, రిమోట్ సెన్సింగ్ వాళ్లకు అడవి మంటలు ఉన్నాయి. ఫిజిక్స్, మ్యాథ్స్ ఎమ్మెస్సీ వాళ్లకు మోడలింగ్‌లో మంచి చోటుంది.

సైకాలజీ ఎందుకని చాలామంది ఆశ్చర్యపోతారు. మంటలు రాగానే అందరూ కంగారుపడి పరుగులు తీస్తారని మనం అనుకుంటాం. పరిశోధనల్లో తేలింది దాదాపు దీనికి వ్యతిరేకం. అలారం మోగినా జనం కొంతసేపు కదలరు. అది నిజమా కాదా అని పక్కవాళ్లను చూస్తారు, సామాను సర్దుకుంటారు, పిల్లల్ని వెతుకుతారు. కదిలాక కూడా దగ్గరున్న అత్యవసర ద్వారాన్ని వదిలి, తాము లోపలికి వచ్చిన దారి వైపే వెళ్తారు. మెట్లు ఎంత వెడల్పు ఉండాలో లెక్కగట్టేవాళ్లకు ఇది తెలియకపోతే ఆ లెక్క కాగితం మీదే నిలబడుతుంది.

ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేశాను. నేరుగా పీహెచ్‌డీకి వెళ్లొచ్చా?

నేరుగా వీలుకాదు. మన పట్టణాల్లో బస్టాండ్ పక్కన బోర్డులు కనిపించే ఏడాది డిప్లొమాలు, బ్రిటన్ సంస్థ ఇచ్చే నెబాష్ అనే సేఫ్టీ సర్టిఫికెట్లు గల్ఫ్ ఉద్యోగాలకు, ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్ పనికి ఉపయోగపడతాయి. అది గౌరవమైన పనే. కానీ పీహెచ్‌డీకి నాలుగేళ్ల ఇంజినీరింగ్ డిగ్రీ గానీ, సైన్స్‌లో మాస్టర్స్ గానీ కావాలి. డిగ్రీ ఉండి, దాని మీద డిప్లొమా, ప్లాంట్ అనుభవం ఉన్నవాళ్లకు మాత్రం అది పెద్ద బలం. సైట్‌లో జరిగేదీ కాగితం మీద ఉండేదీ ఎక్కడ వేరవుతాయో వాళ్లకు తెలుసు.

మన దేశంలో ఎక్కడ చేయొచ్చు?

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఫైర్ సైన్స్ అనే పేరుతో డిపార్ట్‌మెంట్ కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. డిగ్రీ మీద సివిల్ అనో మెకానికల్ అనో ఉంటుంది. గైడ్, ల్యాబ్, అంశం ఫైర్‌వి అయితే చాలు.

రూర్కీలోని సీఎస్ఐఆర్ సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో అగ్ని పరిశోధన విభాగం చాలా ఏళ్లుగా ఉంది. అక్కడ ఏసీఎస్ఐఆర్, అంటే సీఎస్ఐఆర్ ల్యాబ్‌ల్లో పరిశోధన చేసేవాళ్లకు డిగ్రీలిచ్చే అకాడమీ, ద్వారా పీహెచ్‌డీ చేయొచ్చు. ఢిల్లీలో డీఆర్‌డీఓకి చెందిన సీఫీస్ ల్యాబ్ ఉంది. అగ్ని, పేలుడు పదార్థాలు, పర్యావరణ భద్రత దాని పని. అక్కడి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. ఐఐటీ గాంధీనగర్, ఐఐటీ ఢిల్లీల సివిల్ విభాగాల్లో మంటల్లో నిర్మాణాల ప్రవర్తన మీద పని జరుగుతోంది. ఐఐటీ మద్రాస్‌లో దహన పరిశోధనకు జాతీయ కేంద్రమే ఉంది. బెంగళూరులో ఐఐఎస్సీ దహన పరిశోధనకు పేరున్న చోటు. అక్కడే ఎన్నో ఏళ్లు పనిచేసిన ప్రొఫెసర్ హెచ్.ఎస్. ముకుంద జైన్ యూనివర్సిటీలో ఫైర్ అండ్ కంబషన్ రీసెర్చ్ సెంటర్‌కి మార్గదర్శకులుగా నిలిచారు. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో సోడియం మంటల మీద పని చేస్తారు. నీళ్లు తగిలినా మండే లోహం అది, మామూలు ఫైర్ పాఠాలేవీ దానికి పనికిరావు. కొచ్చిన్‌లోని కుసాట్ యూనివర్సిటీలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ విభాగం ఉంది.

అడవి మంటల మీద ఆసక్తి ఉంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహాల నుంచి మంటల సమాచారం తీస్తుంది.

విదేశాల్లో?

దేశాన్ని బట్టి కాకుండా ప్రశ్నను బట్టి ఎంచుకోండి. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో యూనివర్సిటీ 1970ల నుంచి ఈ రంగంలో ఉంది. నిర్మాణాలు, కలప భవనాలు, మంట భౌతికశాస్త్రం దాని బలం. స్వీడన్‌లోని లుండ్‌లో గదుల్లో మంటలు, జనం తరలింపు. బెల్జియంలోని గెంట్‌లో పొగ, సొరంగాలు, కంప్యూటర్ మోడలింగ్. లండన్ ఇంపీరియల్ కాలేజీలో నివురుగప్పిన నిప్పు మీద, అంటే మంట కనబడకుండా లోలోపల కాలే పీట్ నేలల (కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడ్డ నేలల) మీద పేరున్న పని జరుగుతోంది. గ్రీనిచ్ యూనివర్సిటీ జనం తరలింపు మోడల్స్‌కి ప్రసిద్ధి.

అమెరికాలో మేరీల్యాండ్ 1956 నుంచి ఫైర్ ప్రొటెక్షన్ ఇంజినీరింగ్ చెబుతోంది. మసాచుసెట్స్‌లోని వూస్టర్ పాలిటెక్నిక్ ఆ పేరుతోనే పీహెచ్‌డీ ఇస్తుంది. కెనడాలో వాటర్లూ, కార్ల్‌టన్, న్యూజిలాండ్‌లో కాంటర్‌బరీ, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉన్నాయి. చైనాలోని హెఫెయ్‌లో స్టేట్ కీ లాబొరేటరీ ఆఫ్ ఫైర్ సైన్స్ ప్రపంచంలోని పెద్ద ఫైర్ ల్యాబ్‌లలో ఒకటి. హాంకాంగ్ పాలిటెక్నిక్‌ని మనవాళ్లు పట్టించుకోరు, పట్టించుకోవాలి.

ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బాష్ యూనివర్సిటీలో రేకుల ఇళ్లు, గుడిసెలు కిక్కిరిసిన బస్తీల్లో మంటలు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి ఎలా పాకుతాయో నిజంగా గుడిసెలు కట్టి, తగలబెట్టి కొలిచారు. మన బస్తీలకు దగ్గరగా ఉండే పని అది.

పీహెచ్‌డీకి ముందు మాస్టర్స్ తప్పనిసరా?

యూరప్‌లో దాదాపు తప్పనిసరి. అమెరికాలో బీటెక్ నుంచి నేరుగా తీసుకునే చోట్లు ఉన్నాయి. ఐఐటీల్లోనూ మంచి సీజీపీఏ ఉన్న బీటెక్ వాళ్లను నేరుగా తీసుకుంటారు.

ఫైర్ రంగం కొత్త అయినవాళ్లకు నేను చెప్పేది, ఫైర్ సేఫ్టీ ఇంజినీరింగ్‌లో ఐఎంఎఫ్ఎస్ఈ అనే రెండేళ్ల మాస్టర్స్ గురించి చూడండి. గెంట్, లుండ్, ఎడిన్‌బరో కలిసి 2010లో మొదలుపెట్టిన ఎరాస్మస్ ముండుస్ (యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే ఉమ్మడి మాస్టర్స్) కోర్సు. ఒక్కో సెమిస్టర్ ఒక్కో దేశంలో చదువుతారు, స్కాలర్‌షిప్పులు ఉంటాయి. పీహెచ్‌డీకి తీసుకునే ప్రొఫెసర్లకు ఆ కోర్సు పేరు చెబితే చాలు, మీకు ఏమొచ్చో అర్థమవుతుంది.

డబ్బు సంగతి? ఇంట్లో వాళ్ల టెన్షన్ అదే.

సొంత డబ్బుతో పీహెచ్‌డీ చేయకండి. అప్పు చేసి అసలే వద్దు.

మన దేశంలో జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. దీనికి నెట్ గానీ గేట్ గానీ కావాలి. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే ఇంతకన్నా బాగా ఎక్కువే.

స్వీడన్‌లో పీహెచ్‌డీ విద్యార్థి అంటే ఉద్యోగి. జీతం, సెలవులు, పెన్షన్ ఉంటాయి. ఫీజు ఉండదు. అందుకే అక్కడ అడ్మిషన్ నోటిఫికేషన్ రాదు, ఉద్యోగ ప్రకటన వస్తుంది. అది తెలియక మనవాళ్లు అడ్మిషన్ల పేజీలో వెతుకుతూ ఉంటారు. అమెరికాలో రీసెర్చ్ అసిస్టెంట్‌గా తీసుకుంటే ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు. బ్రిటన్‌లో విదేశీ విద్యార్థులకు పూర్తి నిధులున్న సీట్లు తక్కువ. అక్కడ సీటు వచ్చిందంటే ముందు అడగాల్సింది ఫీజు మొత్తం కవర్ అవుతుందా, లేక బ్రిటన్ విద్యార్థి కట్టేంత మేరకేనా అని. ఆ తేడా లక్షల్లో ఉంటుంది.

ప్రొఫెసర్‌కి మెయిల్ రాస్తే జవాబు రావడం లేదు. ఎలా రాయాలి?

నాకు చూపించిన మెయిళ్లలో చాలావరకు ఇలా ఉంటాయి: గౌరవనీయులైన సర్, నేను కష్టపడే స్వభావం ఉన్న విద్యార్థిని, మీ పరిశోధన మీద ఎంతో ఆసక్తి ఉంది, అవకాశం ఇవ్వండి. ఇదే మెయిల్ 50 మందికి వెళ్తుంది. చదివేవాళ్లకు రెండో లైనులోనే తెలిసిపోతుంది.

ఆ ప్రొఫెసర్ ఇటీవలి పేపర్ ఒకటి పూర్తిగా చదవండి. సారాంశం చదివి వదిలేయొద్దు. అందులో మీకు అర్థంకాని ఒక నిర్దిష్టమైన చోటు పట్టుకోండి. ఇలా రాయొచ్చు: మీ ప్రయోగాల్లో గది తలుపు పూర్తిగా తెరిచి ఉంచారు. మా నగరంలో దుకాణాలకు ముందు షట్టర్ ఉంటుంది, అది సగం దించి ఉన్నప్పుడు గాలి లోపలికి వెళ్లే తీరు మారుతుంది కదా, ఆ పరిస్థితికి మీ ఫలితం ఎంతవరకు వర్తిస్తుంది? ఇంత అడిగితే చాలు. మీకు విషయం తెలుసని, సొంతంగా ఆలోచిస్తారని, మీ దగ్గర ఒక నిజమైన సమస్య ఉందని ఆ రెండు వాక్యాలే చెబుతాయి. తర్వాత మీ చదువు, మీరు చేసిన ప్రాజెక్టు గురించి నాలుగు లైన్లు, సీవీ. అంతకన్నా వద్దు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే మనసు కష్టపెట్టుకోకుండా ఇంకొకరిని చూడండి.

పేపర్లు కొనలేమన్న బెంగ వద్దు. ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఫర్ ఫైర్ సేఫ్టీ సైన్స్ 1985 నుంచి నడుపుతున్న సింపోజియంల పాత పేపర్లు వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ రంగం పునాదులు చాలావరకు వాటిలోనే ఉన్నాయి.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

ఎఫ్‌డీఎస్. పూర్తి పేరు ఫైర్ డైనమిక్స్ సిమ్యులేటర్. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000లో విడుదల చేసింది. పూర్తిగా ఉచితం. సాధారణ ల్యాప్‌టాప్‌లో ఒక గది మంట నడిపి చూడొచ్చు. ఫలితాన్ని బొమ్మగా చూపే స్మోక్‌వ్యూ అనే ప్రోగ్రామ్‌లో చూస్తుంటే పొగ గదిని నింపడం కళ్లకు కడుతుంది. అక్కడే జాగ్రత్త కావాలి. బొమ్మ ఎంత నిజంలా ఉన్నా, మీరిచ్చిన మంట పరిమాణం తప్పయితే వచ్చేదంతా తప్పే. గదిని చిన్న గళ్లుగా విడగొడతారు కదా, ఆ గళ్ల సైజు సగానికి తగ్గించి మళ్లీ నడపండి. జవాబు బాగా మారిపోతే మొదటి జవాబును నమ్మకూడదు. ఈ ఒక్క పని చేసి చూపిన విద్యార్థిని నేనైతే ఇంటర్వ్యూలో వేరే ఏమీ అడగను.

నిర్మాణాల వైపు వెళ్లేవాళ్లకు దూలాలు, స్తంభాల ప్రవర్తనను లెక్కగట్టే అబాకస్ గానీ ఓపెన్‌సీస్ గానీ కావాలి. పైథాన్ అందరికీ కావాలి.

నిజంగానే మంటలు పెట్టి చూస్తారా? ప్రమాదం కాదా?

పెడతారు. ఎక్కువగా చిన్నవి. కోన్ కెలోరీమీటర్ అనే పరికరంలో 10 సెంటీమీటర్ల చదరపు ముక్కను వేడి కింద పెట్టి, అది ఎంత వేడి విడుదల చేస్తుందో కొలుస్తారు. దాని వెనకున్న ఆలోచన నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. కలప అయినా, ప్లాస్టిక్ అయినా, బట్ట అయినా, ఒక కిలో ఆక్సిజన్ వాడుకుంటే వచ్చే వేడి సుమారు 13.1 మెగాజౌల్స్. 1917లో థార్న్‌టన్ గమనించిన ఈ పోలికను 1980లో హగెట్ మంటలకు అన్వయించి చూపించారు. కాబట్టి మంటను తాకక్కర్లేదు. పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో కొలిస్తే చాలు, మంట ఎంత పెద్దదో తెలిసిపోతుంది. 1982లో బబ్రాస్కస్ తయారుచేసిన కోన్ దీని మీదే నడుస్తుంది.

పెద్ద ప్రయోగాల్లో దూలాలను ఫర్నేస్‌లో పెడతారు. ఎంతసేపటికి ఎంత వేడి ఉండాలో చెప్పే ప్రామాణిక రేఖ ప్రకారం ఫర్నేస్ గంట గడిచేసరికి 945 డిగ్రీలకు చేరుతుంది. 600 డిగ్రీల దగ్గరే ఉక్కు తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది. ఈ ప్రయోగాలకు శిక్షణ, అనుమతి, రెండో మనిషి ఉండటం తప్పనిసరి. ఎవరైనా గైడ్ ఒంటరిగా రాత్రిపూట చేసెయ్యమంటే కాదని చెప్పండి.

మన ప్రాంతానికి పనికొచ్చే అంశం ఏది తీసుకోవాలి?

విదేశంలో చేసినా అంశం మనది కావొచ్చు. నా మనసులో ఉన్నవి చెబుతాను.

కింద గోదాము, పైన కాపురం. పాతబస్తీలోనే కాదు, ఏ మండల కేంద్రానికి వెళ్లినా ఇదే. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉన్న రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది చనిపోయారు. ఇలాంటి పాత భవనాలకు కొత్త మెట్లు కట్టడానికి జాగా ఉండదు. ఉన్న మెట్ల దారిని పొగ నుంచి తక్కువ ఖర్చుతో ఎలా కాపాడాలి? నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం కొత్త భవనాలకు చాలానే చెబుతుంది. పాతవాటికి పనికొచ్చే జవాబులు ఇంకా కావాలి.

రాత్రి బస్సులు, ముఖ్యంగా స్లీపర్లు. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది చనిపోయారు, పన్నెండేళ్ల తర్వాత మళ్లీ అక్టోబర్‌లోనే కర్నూలు చిన్నటేకూరు దగ్గర ఇంకో బస్సు కాలిపోయింది. పరుపులు, కర్టెన్లు, లోపలి ప్యానెళ్లు ఎంత వేగంగా అంటుకుంటాయి, పై బెర్తులో నిద్రలో ఉన్న మనిషి కిందికి దిగి తలుపు దాకా రావడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? రెండింటినీ కలిపి కొలవాలి.

మందుల ఫ్యాక్టరీలు. పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ, అచ్యుతాపురం. ద్రావకాల ఆవిరి, గాల్లో లేచిన సన్నని పొడి, స్థిర విద్యుత్తు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయాక పొడి ఎలా పేలుతుందని చాలామంది మొదటిసారి అడిగారు. కెమికల్ ఇంజినీర్లు ఇటు రావాలి.

పత్తి బేళ్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు. జిన్నింగ్ మిల్లులో ఆరిపోయిందనుకున్న బేలు లోపల రోజుల తరబడి కాలుతూనే ఉంటుంది. నివురుగప్పిన నిప్పు శాస్త్రం అచ్చంగా ఇదే.

తాటాకు ఇళ్లు. వేసవి వడగాల్పుకి ఒక పొయ్యి నిప్పురవ్వ చాలు, వరసంతా బూడిదవుతుంది. నల్లమలలో నేలబారున పాకే ఆకుల మంటలు కూడా ఇంకో అంశం. తునికాకు చిగురు బాగా రావాలని, ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని ఆకులు తగలబెట్టడం చాలాచోట్ల అలవాటు. అక్కడి చెంచులను నిందించే ముందు వాళ్లను అడిగి తెలుసుకునే పరిశోధన కావాలి.

ఎన్నేళ్లు పడుతుంది? తర్వాత ఉద్యోగాలుంటాయా?

బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మూడు నుంచి నాలుగేళ్లు, స్వీడన్‌లో నాలుగైదు, అమెరికాలో, మన దగ్గర ఐదు దాకా. ఆ తర్వాత ఫైర్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీలు, ఇన్సూరెన్స్ సంస్థల పరిశోధన విభాగాలు, టెస్టింగ్ ల్యాబ్‌లు, బ్యాటరీ, కేబుల్ కంపెనీలు, యూనివర్సిటీలు. విదేశాల్లో ఈ చదువున్నవాళ్లకు గిరాకీ ఉంది. ఇక్కడ నెమ్మదిగా పెరుగుతోంది. మెట్రోలు, విమానాశ్రయాలు, ఎత్తైన టవర్లు కడుతున్నవాళ్లకు ఇప్పుడు ఈ లెక్కలు కావాలి.

నేను ఫైర్ సర్వీస్‌లో పనిచేస్తున్నాను. వయసు 38. నాకు వీలవుతుందా?

డిగ్రీ అర్హత ఉంటే వీలవుతుంది. చాలా విశ్వవిద్యాలయాలు ఉద్యోగస్తులకు పార్ట్ టైమ్ పీహెచ్‌డీ ఇస్తాయి. డిపార్ట్‌మెంట్ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, కోర్సు వర్క్‌కి కొన్ని నెలల సెలవు పెట్టాల్సి రావొచ్చు.

మీ దగ్గర ఉన్నది మా ల్యాబ్‌లో ఎవరి దగ్గరా లేదు. ఫోన్ ఎన్ని గంటలకు వచ్చింది, బండి చేరేసరికి మంట ఏ గదిలో ఉంది, పొగ ఏ రంగులో ఉంది, ఏ తలుపు తెరిచి ఉంది, శవాలు ఏ మెట్టు మీద దొరికాయి. ఇవన్నీ చాలావరకు మీ జ్ఞాపకంలోనే ఉండిపోతాయి. తర్వాతి కాల్ నుంచి ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. పేర్లు వద్దు, సమయాలు, తలుపులు, పొగ చాలు. ఏడాది తర్వాత ఆ పుస్తకం పట్టుకుని ఏ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లినా కూర్చోబెట్టి మాట్లాడతారు.